రేడియేటర్ క్యాప్ మీద చెయ్యి వేసేముందు

అమ్మణ్ణీ,

పాత మారుతి 800 కొన్నావంట. కార్తీకంలో మీ అమ్మను దాంట్లోనే శ్రీశైలం తీసుకుపోతావంట. మీ అత్త ఫోన్లో చెప్పింది. మన ఇంటి ఆడపిల్ల తన సంపాదనతో కారు కొని, బానెట్ ఎత్తి, ఇంజిన్‌ని చల్లబరిచే కూలెంట్ తనే చూసుకుంటానందని ఆ సాయంత్రం వీధిలో కనపడిన వాళ్లందరికీ చెప్పుకున్నాను. రాత్రి మాత్రం కన్ను మూతపడలేదు. నెల్లూరు నుంచి కావలి, కందుకూరు, పొదిలి, మార్కాపురం దాకా నాకు దిగుల్లేదు. దోర్నాల దాటాక ఆ ఘాట్ రోడ్డు ఉంది చూడు, దాని గురించే నా ప్రాణం కొట్టుకుంటోంది.

చూసుకోవడం తేలిక. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు, బండి సమంగా ఉన్న నేల మీద ఆపి కూలెంట్ ఉండే ప్లాస్టిక్ డబ్బా చూడు. కింది గీతకీ పై గీతకీ మధ్య ఉంటే చాలు. తగ్గితే పై గీత దాకా పొయ్యి. దూరం పోయే ముందు రేడియేటర్ (కూలెంట్ చల్లారే జాలీ) క్యాప్ కూడా అలా చల్లగా ఉన్నప్పుడే తీసి చూడు. పాత బండ్లలో డబ్బా నిండుగానే ఉండి రేడియేటర్ వెలితిగా ఉంటుంది ఒక్కోసారి.

బోరు నీళ్లు మాత్రం పొయ్యొద్దు. పొదిలి, కనిగిరి వైపు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలుసు. ఆ నీళ్లలో ఉప్పులూ ఎక్కువే. మా షెడ్డులో ఒకసారి అటు తిరిగే కారు రేడియేటర్ విప్పితే, సన్న గొట్టాల్లో తెల్లటి పెచ్చులు గట్టిపడి పుల్ల కూడా దూరలేదు. షాపులో డిస్టిల్డ్ వాటర్ అని అడుగు. బ్యాటరీలో పోసే నీళ్లంటే అవే. యాసిడ్ డబ్బా కూడా అదే షాపులో ఉంటుంది, పేరు చదివి తీసుకో. చిక్కటి కూలెంట్ అయితే సగానికి సగం ఆ నీళ్లు కలపాలి. కలిపి అమ్మేదైతే అలాగే పొయ్యాలి. రంగు చూసి కొనొద్దు, పచ్చదీ ఎర్రదీ కలపొద్దు. కూలెంట్ తియ్యగా ఉండే విషం. కింద ఒలికితే కడిగెయ్యి, మీ వీధి కుక్కలు నాకుతాయి.

మీ నాయన కుడి చేతి మీద మచ్చ ఏమిటని ఎప్పుడైనా అడిగావా? దీపావళి చిచ్చుబుడ్డి అని చెప్పి ఉంటాడు. మమ్మల్నీ అదే చెప్పమన్నాడు. చిచ్చుబుడ్డి కాదమ్మా.

వాడికి అప్పటికి పెళ్లి కాలేదు. శివరాత్రికి అవ్వను శ్రీశైలం తీసుకుపోతున్నాం. అద్దె అంబాసిడర్, తోలేది వాడు. శిఖరం ఇంకా చాలా దూరం ఉండగానే ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎరుపులోకి ఎక్కింది, బానెట్ సందుల్లోంచి ఆవిరి. పక్కకు ఆపాం. చల్లారనీ రా అన్నాను. వెనక బస్సుల హారన్లు, అవ్వ ఉపవాసం, చీకటి పడేలోపు గుడి చేరాలని వాడి ఆత్రం. తువ్వాలు మడిచి క్యాప్ మీద వేసి తిప్పాడు. బుస్సుమంది. ఆ బుస్సు వింటే వదిలెయ్యాలని వాడికి తెలుసు. తెలిసీ నొక్కి ఇంకో తిప్పు తిప్పాడు. క్యాప్ ఎగిరిపోయింది. తుప్పు రంగు నీళ్లు మనిషెత్తు లేచాయి. సరిగ్గా అప్పుడే వెనక సీట్లోంచి అవ్వ పిలిచింది, వాడు తల తిప్పాడు. అందుకే కళ్లు దక్కాయి. తువ్వాలు పీల్చుకున్న మరుగు నీళ్లు చేతికి అంటుకుని ఇంకా కాల్చాయి. ఎవరో టూత్‌పేస్ట్ తెచ్చారు. అవ్వ పూయనివ్వలేదు. తాగడానికి తెచ్చుకున్న నీళ్లన్నీ ఆ చేతి మీద ధారగా పోసింది. మార్కాపురంలో కట్టు కట్టిన డాక్టరు, ఆ ధారే చెయ్యిని కాపాడిందన్నాడు. కాలితే ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ల ధార, ఇంకేమీ పూయకూడదు. ఇది గుర్తుపెట్టుకో.

క్యాప్ బిగించి ఉన్నంతసేపూ లోపలి నీళ్లు 120 డిగ్రీల దగ్గరికి పోయినా మరగవు, ఒత్తిడి ఆపుతుంది. వదులు చేశావా, ఒక్కసారిగా మరిగి ఎగజిమ్ముతుంది. మీ అమ్మ ప్రెజర్ దిగకుండా కుక్కర్ మూత తీస్తుందా? గుడ్డ అడ్డం పెట్టుకుంటే ఏం కాదని ఎవరు చెప్పినా వినకు. నీకు భయం పెట్టకూడదనే మీ నాయన దాచాడు. నాకు మాత్రం నువ్వు భయపడితేనే నిమ్మళం.

ఘాట్లో ముల్లు ఎక్కితే ఏసీ కట్టేసి హీటర్ ఫుల్‌గా పెట్టు, ఇంజిన్ వేడి కొంత అది లాగేస్తుంది, ఉక్కపోసినా సరే. అయినా దిగకపోతే పక్కకు ఆపి ఇంజిన్ ఆపెయ్యి. గంట పట్టినా కూర్చో. వేడి ఇంజిన్లో చన్నీళ్లు పోస్తే ఇంజిన్ పై భాగం, అదే హెడ్డు, పగలొచ్చు. ఇంజిన్ ఆపినా రేడియేటర్ ఫ్యాన్ దానంతటదే తిరగొచ్చు. చున్నీ, జడ దగ్గరికి పోనివ్వకు. రాత్రిళ్లు అడవి గేట్లు మూసేస్తారు కాబట్టి తొందర పుడుతుంది. అందుకే తెల్లారే బయల్దేరండి.

ఇంకొకటి. వారం వారం పొయ్యాల్సి వస్తుంటే, ఎంత పోశానని కాదు, ఎక్కడికి పోతోందని చూడు. ఆ బండి తయారీ 2014లోనే ఆపేశారు. కూలెంట్ పోయే రబ్బరు గొట్టాలు, హోసులు, మార్చి ఉండకపోతే రబ్బరుకి పదేళ్లు దాటినట్టే. వేళ్లతో నొక్కితే పిడచగట్టినట్టున్నా, మెత్తబడి ఉబ్బినా మార్చెయ్యి. కూలెంట్‌ని తిప్పే వాటర్ పంప్ కింద తడి చూడు. ఆయిల్ పుల్ల తీస్తే పాలు కలిసిన కాఫీ రంగుంటే, లేదా తెల్లపొగ ఆగకుండా వస్తుంటే హెడ్డు కింద ఉండే సీలు, హెడ్ గ్యాస్కెట్, పోయినట్టే అనుకో. అప్పుడు ఆ బండితో శ్రీశైలం వద్దు తల్లీ, బస్సులో పోండి.

వచ్చే ఆదివారం బండి వేసుకుని కందుకూరు రా. కొత్త క్యాప్ ఒకటి కొనుక్కురా, పాతదాని మీదున్న ఒత్తిడి అంకే దాని మీదా ఉండాలి. వచ్చేసరికి ఇంజిన్ కాగి ఉంటుంది. అన్నం తిని ఓ కునుకు తియ్యి, సాయంత్రం చల్లారాక ఇద్దరం బానెట్ ఎత్తుదాం.

మీ పెదనాయన