కొత్త లారీ ఇంజిన్ పోయింది, కంతు ఆపేయాలా?

ప్రశ్న: అన్నా, మాది చిత్తూరు జిల్లా బంగారుపాళ్యం దగ్గర పల్లె. నవంబరులో ఆరు టైర్ల కొత్త లారీ తీసుకున్నాను. బాడీ కట్టించేసరికి మొత్తం 28 లక్షలయింది. అందులో 22 లక్షలు ఫైనాన్స్, అయిదేళ్ళకు 10 శాతం వడ్డీ, నెలకు 46,700 కంతు. నేనే నడుపుతాను, తోడుగా ఒక క్లీనర్ ఉన్నాడు. ఖర్చులన్నీ పోను నెలకు 75,000 దాకా మిగిలేది, కంతు అందులోంచే కట్టేవాణ్ణి. 31,000 కిలోమీటర్లు తిరిగాక మొగిలి ఘాట్ ఎక్కుతుంటే ఇంజిన్ సీజ్ అయింది, అంటే లోపల పట్టేసి తిరగడం మానేసింది. నెల దాటింది, బండి సర్వీస్ సెంటర్‌లోనే ఉంది. డీజిల్ కల్తీ, ఆయిల్ చూసుకోలేదు, వారంటీ రాదు, 4,60,000 కడితే బాగు చేస్తామంటున్నారు. బ్యాంకులో 1,40,000 ఉంది, ఇంట్లో ఆమె నగలు 15 సవర్లు, నెలకు 10,000 చీటీ నడుస్తోంది, ఇంటి ఖర్చు 18,000. మా బావకు తెలిసినాయన మూడు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నాడు. బండే తిరగనప్పుడు కంతు ఎందుకు కట్టాలి అని అందరూ అంటున్నారు. ఆ వడ్డీకి తెచ్చి బాగు చేయించనా, కంతు ఆపేసి కేసు వేయనా, వచ్చినకాడికి అమ్మేయనా?

జవాబు: మూడూ వద్దు.

బండి తిరగనప్పుడు కంతు ఎందుకు కట్టాలి అనే మాట వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ మీరు సంతకం పెట్టిన కాగితాలు రెండు. కంపెనీతో వారంటీ ఒకటి, ఫైనాన్స్ వాళ్ళతో అప్పు ఒకటి, దీనికీ దానికీ సంబంధం లేదు. ఇంజిన్ కంపెనీ తప్పు వల్లే పోయిందని రేపు తేలినా ఫైనాన్స్ వాళ్ళ లెక్కలో మీరు కట్టని కంతు కట్టని కంతుగానే ఉంటుంది, సిబిల్‌లో, అంటే మీ అప్పుల చరిత్ర రికార్డులో పడుతుంది, 90 రోజులు దాటితే ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, ఆ తర్వాత బండి స్వాధీనం చేసుకోవడానికి దారి వాళ్ళ చేతిలోకి పోతుంది. మీ ఖాతా నుంచి కంతు ఆటోమేటిక్‌గా లాగే మాండేట్ ఇచ్చి ఉంటారు కదా, డబ్బు లేక అది బౌన్స్ అయితే చెక్ బౌన్స్ మాదిరే కేసు పెట్టే వీలుంది. బండి మీ చేతిలో లేకుండా పోయాక వారంటీ మీద పోట్లాడటం చాలా కష్టం.

కాబట్టి కంతు తేదీ రాకముందే ఫైనాన్స్ బ్రాంచికి వెళ్ళండి. ఫోన్ కాదు, ఉత్తరం పట్టుకుని వెళ్ళండి, తీసుకున్నట్టు ముద్ర వేయించుకోండి. బండి ఫలానా తేదీ నుంచి సర్వీస్ సెంటర్‌లో ఉంది, జాబ్ కార్డు (బండి అప్పగించినప్పుడు సర్వీస్ సెంటర్ ఇచ్చిన కాగితం) కాపీ ఇదిగో, మూడు నెలలు వడ్డీ మాత్రం కడతాను, అసలు వెనక్కి జరపండి అని అడగండి. నాలుగు కంతులు కట్టారు కాబట్టి అసలు దాదాపు 20,85,000 మిగిలి ఉంటుంది, దాని మీద నెల వడ్డీ 17,400 దగ్గర. వాళ్ళు ఒప్పుకుంటే మీకు నెలకు 29,000 పైన ఊపిరి ఆడుతుంది. ఒప్పుకోవాలన్న చట్టం లేదు, కానీ ముందుగా వచ్చి కాగితంతో అడిగినవాడితో మాట్లాడే తీరు వేరు, కంతు తప్పాక ఫోన్ ఎత్తనివాడితో మాట్లాడే తీరు వేరు. ఒక్కటి మాత్రం తప్పకుండా అడగండి, ఇలా మార్చితే నా ఖాతాను రీస్ట్రక్చర్ (షరతులు మార్చిన అప్పు) అని సిబిల్‌కు పంపుతారా అని. అవునంటే దానివల్ల రేపటి అప్పులకు ఇబ్బంది ఉంటుంది, అప్పుడు చేతిలో డబ్బున్నంత వరకు పూర్తి కంతు కట్టడమే మేలు. ఒకవేళ ఆలస్యమైనా వాళ్ళు వేసేది జరిమానా ఛార్జీ మాత్రమే అయి ఉండాలి, దాన్ని అసలులో కలిపి దాని మీద మళ్ళీ వడ్డీ వేయకూడదని రిజర్వ్ బ్యాంకు నియమం 2024 నుంచి అమల్లో ఉంది. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. ఇచ్చిన ఫిర్యాదుకు 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయొచ్చు, ఖర్చేమీ ఉండదు.

ఇక మూడు రూపాయల వడ్డీ. 4,60,000 మీద నెలకు 13,800, ఏడాదికి 1,65,600, అదీ అసలు ఒక్క రూపాయి తగ్గకుండా. మీరు రాసిన లెక్క ప్రకారం బండి బాగా తిరిగిన నెలలో కూడా 75,000లో కంతు, ఇల్లు, చీటీ పోతే మిగిలేది 300. ఈ 13,800 ఎక్కడినుంచి తెస్తారు? బావ మంచి మనసుతోనే చెప్పి ఉంటారు, ఆయనకు నమస్కారం పెట్టి వద్దనండి. అదే డబ్బు బ్యాంకులో బంగారం మీద 10 శాతానికి తీసుకుంటే నెల వడ్డీ 3,800 అవుతుంది, 15 సవర్లూ పెట్టాల్సిన పని కూడా ఉండదు. నగలు ఇంట్లో ఆమెవి, కాబట్టి ఆమెను కూర్చోబెట్టుకుని ఈ లెక్క మొత్తం చూపించి, ఆమె సరేనంటేనే. అయితే బంగారం కూడా ఇప్పుడే తీయకండి, ఎప్పుడు తీయాలో కింద చెబుతాను.

సర్వీస్ సెంటర్ వాళ్ళు నోటితో చెప్పిన 'వారంటీ రాదు' అన్న మాటకు విలువ లేదు. అది కాగితం మీద, కారణంతో సహా కావాలి. ఆయిల్ చూసుకోలేదంటే ఏ సర్వీసు తప్పింది, ఎన్ని కిలోమీటర్లు ఆలస్యమైంది? డీజిల్ కల్తీ అంటే శాంపిల్ ఎప్పుడు తీశారు, మీ ఎదురుగా సీలు వేశారా, ఏ ల్యాబ్‌లో పరీక్షించారు? ఇవే ప్రశ్నలు రాసి డీలర్‌కు, తయారీ కంపెనీ హెడ్డాఫీసుకు స్పీడ్ పోస్టులో పంపండి, ఈమెయిల్ కూడా పెట్టండి. ఇప్పటి బీఎస్6 (కొత్త కాలుష్య నియమాల) బండ్లలో ఇంజిన్ వేడి, ఆయిల్ ప్రెషర్, ఎర్రర్ కోడ్‌లు చాలావరకు బండి కంప్యూటర్‌లోనే రికార్డవుతాయి, ఆ డేటా కాపీ అడగండి. ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక మీకు రాకుండానే ఇంజిన్ పట్టేసిందని తేలితే కథే మారిపోతుంది. ఇంజిన్ విప్పేటప్పుడు మీరు అక్కడ ఉండండి, వీడియో తీయండి, విప్పిన సామాన్లు నా అనుమతి లేకుండా స్క్రాప్‌కు పంపొద్దని రాసివ్వండి. ఈ నాలుగు నెలల డీజిల్ బిల్లులు, యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చేసే ద్రవం) బిల్లులు, సర్వీస్ బిల్లులు, కాటా చీటీలు (సరుకు తూకం రసీదులు) ఒక ఫైల్లో పెట్టండి. కాటా చీటీలు ఎందుకంటే డీజిల్, ఆయిల్ మాటలు నిలవకపోతే తర్వాత వినిపించేది ఓవర్‌లోడ్ మాటే.

బండి ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, ప్రమాదానికి వస్తుంది గానీ లోపలి మెకానికల్ ఫెయిల్యూర్‌కు రాదు. ఇంజిన్ ప్రొటెక్షన్ యాడ్ ఆన్ తీసుకుని ఉన్నా అది ప్రధానంగా నీళ్ళు చొరబడటం, దెబ్బ తగిలి ఆయిల్ కారిపోవడం లాంటి వాటికే.

కేసు విషయం. లారీ వ్యాపారానికి కొన్నది కదా, నువ్వు వినియోగదారుడివే కాదు అని డీలర్లు బెదిరిస్తుంటారు. మీ విషయంలో అది నిలవదు. సొంతంగా నడుపుకుంటూ బతుకుదెరువు కోసం కొన్న బండి అయితే అది వాణిజ్య అవసరం కిందికి రాదని వినియోగదారుల రక్షణ చట్టమే చెబుతోంది, తానే నడుపుకోవడానికి లారీ కొన్నవాడు వినియోగదారుడేనని, ఒకరిద్దరు సహాయకులున్నా ఫరవాలేదని సుప్రీంకోర్టు 1995లోనే లక్ష్మీ ఇంజినీరింగ్ కేసులో స్పష్టంగా చెప్పింది. మీరు నడుపుతారు, క్లీనర్ ఒకడు, అచ్చంగా అదే పరిస్థితి. అందుకే ఏ కాగితంలోనూ ట్రాన్స్‌పోర్ట్ వ్యాపారం అని గొప్పగా రాసుకోకండి, ఉన్నది ఉన్నట్టు రాయండి. కొన్న ధర 50 లక్షల లోపు కాబట్టి చిత్తూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా మీరు ఉండే జిల్లాలో వేసే హక్కు 2019 చట్టం ఇచ్చింది. 20 నుంచి 50 లక్షల ధరకు ఫీజు 1,000 రూపాయలు. రెండేళ్ళ గడువుంది. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, కొన్నిసార్లు కంపెనీ అక్కడే దిగివస్తుంది.

కొత్త లారీ ఇప్పిస్తారని మాత్రం అనుకోకండి. 2006లో ఒక కారు కేసులో లోపమున్న భాగం మార్చిస్తే చాలు, బండి మొత్తం మార్చక్కర్లేదని సుప్రీంకోర్టు అంది, సాధారణంగా అదే దారిలో పోతారు. కొత్త ఇంజిన్ లేదా రిపేరు ఖర్చు, దాంతోపాటు పోయిన ఆదాయానికి పరిహారం అడగండి. ఆదాయం రుజువు కావాలంటే ఫాస్టాగ్ స్టేట్‌మెంట్ తీసుకోండి, బండి రోజూ ఏ టోల్ దాటిందో అందులో ఉంటుంది, కిరాయి జమ అయిన బ్యాంకు ఖాతా, ఫోన్‌పే వివరాలు జత చేయండి. సామాను పరీక్ష అవసరమైన కేసు అయిదు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, కానీ నిజంలో అంతకంటే ఎక్కువే పడుతుంది. కేసులో వచ్చే డబ్బును ఇంటి లెక్కలో వేసుకోకండి.

అసలు విషయం ఇక్కడుంది. తప్పెవరిదో తేలడం ఒకటి, బండి రోడ్డెక్కడం ఇంకొకటి. నా తప్పు లేదు, ఒక్క రూపాయి కూడా కట్టను అని మీరు పట్టుబడితే ఆ పట్టుదలకు నెలకు 75,000 ఖర్చవుతుంది. ఆరు నెలలు నిలబెడితే 4,50,000, అంటే దాదాపు రిపేరు డబ్బంతా అక్కడే పోయింది, కేసు గెలిచినా ఆ నెలల ఆదాయం మొత్తం ఇస్తారన్న నమ్మకం లేదు. పైగా మీ ప్రాంతంలో మే చివర నుంచి జులై దాకా తోతాపురి కోత, పల్ప్ ఫ్యాక్టరీల ముందు బండ్లు బారులు తీరే కాలం. సీజన్‌లో బండి షెడ్డులో ఉండకూడదు.

ఇది మార్చి నెల. ఏప్రిల్ 20 గడువుగా పెట్టుకోండి. అప్పటిదాకా పైన చెప్పిన ఉత్తరాలు, 1915 ఫిర్యాదు, వీలైతే లాయరు నోటీసు. బ్యాంకులో ఉన్న 1,40,000తో పూర్తి కంతు, ఇంటి ఖర్చు కలిపి 64,700 చొప్పున రెండు నెలలు నెట్టుకురావచ్చు, చీటీ 10,000 ఇందులో లేదు, ఈలోపు హెవీ లైసెన్సు ఉంది కాబట్టి తెలిసినవాళ్ళ బండ్లకు యాక్టింగ్ డ్రైవర్‌గా (బదులు డ్రైవర్‌గా) వెళ్ళండి, రోజుకు ఎంతొచ్చినా ఇంటి ఖర్చుకు ఆసరా. ఏప్రిల్ 20కి కంపెనీ కదలకపోతే అప్పుడు బంగారం మీద తీసుకుని బాగు చేయించండి. కానీ మూడు పనులు చేయకుండా డబ్బు కట్టొద్దు. ముందు బయటి ఆటోమొబైల్ ఇంజినీరుతో లేదా లైసెన్సున్న మోటారు సర్వేయరుతో ఇంజిన్ చూపించి రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. తర్వాత, ఈ డబ్బు అభ్యంతరంతో కడుతున్నాను, వారంటీ హక్కు వదులుకోవడం లేదు అని ఉత్తరం ఇచ్చి ముద్ర వేయించుకోండి. మూడోది, పాత సామాన్లు మీరే తెచ్చుకోండి, లేదా కమిషన్‌లో అర్జీ వేసి భద్రపరచమని అడగండి. మధ్యలో వాళ్ళు గుడ్‌విల్ (మంచితనంగా ఇచ్చే రాయితీ) కింద సగం తగ్గిస్తాం, ఇక్కడ సంతకం పెట్టండి అంటారు. సగం తగ్గితే 2,30,000 మిగులు, చిన్న మొత్తం కాదు, తీసుకోవచ్చు కూడా. కానీ ఆ కాగితంలో ఇకమీదట ఏ క్లెయిమూ లేదు అని ఉంటే, కొత్తగా వేసిన ఇంజిన్‌కు వారంటీ ఎంతకాలమో రాసిస్తేనే సంతకం పెట్టండి. నేనైతే ఏడాదికి తక్కువ ఒప్పుకోను.

అమ్మడం గురించి రెండు మాటలు. ఇంజిన్ పట్టేసిన బండికి 20,85,000 ఇచ్చేవాడు దొరకడు, అంతకంటే తక్కువకు పోతే మిగతాది మీరు చేతినుంచి వేసి కడితే తప్ప ఫైనాన్స్ వాళ్ళు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వరు. పెట్టిన ఆరు లక్షలూ పోయి, పైన అప్పు మిగులుతుంది. బండి నడిచే స్థితిలోకి వచ్చాక కావాలంటే ఆలోచించండి.

బండి కదలని రోజులకు మూడు నెలల రోడ్ ట్యాక్స్ విషయం కూడా ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి. నడపడం లేదని ముందుగా రాసిస్తేనే మినహాయింపు అడగడానికి వీలుంటుంది, క్వార్టర్ మొదలయ్యాక వెళితే లాభం ఉండదు. ఏప్రిల్ 1 దగ్గర్లోనే ఉంది, కానీ ఏప్రిల్ చివర్లో బండి తిప్పే ఆలోచన ఉంటే అసలు రాసివ్వకండి, స్టాపేజ్‌లో, అంటే నడపడం లేదని రాసిచ్చి ఉన్న బండి రోడ్డు మీద పట్టుబడితే జరిమానా పడుతుంది. చీటీ ఎన్ని నెలలు కట్టారో, రిజిస్టరైన కంపెనీలోనా లేక ఊళ్ళో నడిచేదా అన్నది మీరు రాయలేదు. రిజిస్టరైనదై సగం దాటి ఉంటే, ఈ నెల పాటలో ఎంత తగ్గించాల్సి వస్తుందో కనుక్కోండి, ఆ తగ్గింపు బంగారం వడ్డీ కంటే తక్కువగా ఉంటే చీటీ ఎత్తి నగల జోలికి పోకుండానే రిపేరు అయిపోవచ్చు. ఆ వివరాలు పంపండి, రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూద్దాం.