ఒరేయ్ చిన్నా, “అంతా క్షేమం” అని మాత్రం రాయకు

రాజమండ్రి,
సోమవారం రాత్రి

ఒరేయ్ చిన్నా,

నిన్న పొద్దున్నే మీ అమ్మ ఫోన్ చేసి, “తమ్ముడూ, వీడికి ఫిజీ వచ్చిందిరా” అంది. జ్వరం వచ్చిందన్నట్టే చెప్పింది, నేనూ అలాగే విన్నాను. కాసేపాగి “సువా మిషనా?” అని అడిగితే అవునంది. మన లేటర్-డే సెయింట్స్ (మోర్మన్) సంఘం తరఫున రెండేళ్ళు సువార్త చెప్పడానికి నిన్ను ఫిజీ పంపుతున్నారన్నమాట. ఆ తర్వాత ఏం మాట్లాడానో గుర్తులేదు. ఫోన్ పెట్టేసి గోదావరి గట్టుకి వెళ్ళి కూర్చున్నాను. దాదాపు ముప్ఫై ఏళ్ళ క్రితం నేను అదే పనిమీద తిరిగిన మట్టిరోడ్ల మీద నువ్వు తిరగబోతున్నావంటే గర్వంగానే ఉంది. గర్వం కన్నా భయం ఓ పాలు ఎక్కువుంది. ఆ భయం ఎందుకో చెప్పడానికే ఇలా కాగితం మీద రాస్తున్నాను. వాట్సాప్‌లో చెప్పే సంగతి కాదు.

చిన్నచిన్నవి ముందు అనేస్తాను. తెల్లచొక్కాలు ఆరు చాలు, అక్కడి చెమటకీ బురదకీ అవి ఎన్నాళ్ళో తెల్లగా ఉండవు. డెంగీ అక్కడా ఉంది, దోమతెర మర్చిపోకు. పాముల గురించి మీ అమ్మ బెంగపడుతోంది, మన పొలాల్లో ఉన్నంత భయం అక్కడ లేదని చెప్పు. ప్యాంట్లు రెండుకి మించి వద్దు, మనవాళ్ళు అక్కడ కట్టేది సులు. లుంగీకి జేబులు కుట్టి, నడుం దగ్గర పట్టీ పెట్టినట్టుంటుంది. దాని మీద తెల్లచొక్కా, టై, నల్ల నేమ్ ట్యాగ్, కింద చెప్పులు. మొదటిరోజు అద్దంలో చూసుకుంటే పైన బ్యాంకు ఆఫీసరు, కింద పెళ్ళింటి వంటాయన కనబడ్డారు నాకు. వారంలో అలవాటైపోయింది. ఆవకాయ పట్టుకెళ్ళకు, ఎయిర్‌పోర్టులో తీసి పారేసినా పారేస్తారు.

పొద్దున ఆరున్నరకి లేవడం, రాత్రి పదిన్నరకి లైటు ఆర్పడం. ఈ రెండింటి మధ్యా ఉన్న రోజంతా నీకు జతగా వేసే తోటి మిషనరీ, అంటే కంపానియన్‌తోనే. ప్రార్థన, చదువు, వంట, నడక, తలుపు తట్టడం, “ఇప్పుడు కాదు బాబూ” అనిపించుకుని మళ్ళీ నడవడం. ఇంతే, దీన్ని పెద్ద సాహసంలా ఊహించుకోకు. సముద్రం చుట్టూ ఉంటుంది గానీ మిషనరీలు ఈత కొట్టకూడదు, అదీ నీ గతి. సోమవారం పీ-డే, అంటే సొంత పనులు చూసుకునే రోజు, బట్టలు ఉతుక్కోవాలి. కంచం కూడా తీయనివాడివి, రెండేళ్ళు ఎలా నెట్టుకొస్తావో చూస్తాను. బాత్రూమ్‌లో దోసిలంత కప్పలుంటాయి. చెరుకు పురుగుల్ని తింటాయని ఎప్పుడో బయటినుంచి తెచ్చి వదిలారు, అవి పురుగుల్ని వదిలేసి మిషనరీల బాత్రూముల్లో కాపురం పెట్టాయి. చీపురుతో మెల్లగా తోసెయ్యి, కొట్టకు.

తిండికి బెంగలేదు. మన సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం కోసం వేసే కర్రపెండలమే అక్కడ అన్నం. చేమదుంప ఉడకబెడతారు, చేమాకుని కొబ్బరిపాలలో వండుతారు. ఊళ్ళో నడుస్తుంటే అరుగు మీంచి “మాయ్ కానా” అని కేక వేస్తారు. రా, తిను అని. ముక్కూ మొహం తెలియనివాణ్ణి అలా పిలుస్తారు. మొదటి నెల నేను మొహమాటపడి దాటిపోయాను, అది వాళ్ళకి చిన్నతనంగా ఉంటుందని తర్వాత తెలిసింది. వెళ్ళు, చాప మీద కూర్చో, ఒక ముక్క తిను. కూర్చున్నవాళ్ళ ముందునుంచి వెళ్ళాల్సివస్తే వంగి “తులో” అను. ఊళ్ళోకి టోపీతో వెళ్ళకు.

ఇబ్బంది టీతో వస్తుంది. భారతీయుల ఇళ్ళకి వెళ్తే అచ్చం మనిళ్ళలాగే, కూర్చునేలోపే స్టవ్ మీద గిన్నె పెడతారు. మన సంఘంలో టీ తాగం. మా మేనత్త ఇంట్లో టీ వద్దన్నందుకు ఆవిడ ఆరునెలలు నాతో మాట్లాడలేదు, నీకు తెలుసుగా. అక్కడ నాకు ద్రౌనిమోలి దారి చూపించింది. నిమ్మాకులు వేసి మరిగించిన నీళ్ళు. గిన్నె పొయ్యెక్కకముందే “అమ్మా, నిమ్మాకు నీళ్ళు దొరుకుతాయా” అని అడిగేసేవాణ్ణి. ఇక పెద్ద చెక్కగిన్నెలో కలిపి కొబ్బరిచిప్పతో ఇచ్చే యంగోన, అంటే కావా వేరు కలిపిన నీళ్ళు, ఉంటుంది. మా మిషన్ ప్రెసిడెంటు, అంటే అక్కడి మిషనరీలందరికీ పెద్ద, మమ్మల్ని తాగొద్దన్నాడు, మీకూ అదే చెబుతారనుకుంటా. నేను వద్దన్నందుకు ఎవరూ అలగలేదు. పక్కన కూర్చుని మాట వినకుండా లేచి వచ్చేస్తేనే నొచ్చుకుంటారు.

నిన్ను లంబాసా పంపితే నీకు మనవాళ్ళు తగులుతారు. వనువా లేవు దీవిలో చెరుకు ఊరు అది, 1894 నుంచి మిల్లు నడుస్తోంది. గానుగ ఆడే రోజుల్లో ఊరంతా బెల్లం పాకం వాసన. మద్రాసు రేవు నుంచి 1903 తర్వాత ఓడలెక్కి వెళ్ళిన కూలీల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. వాళ్ళ మునిమనవలు ఇప్పుడు ఫిజీ హిందీ మాట్లాడతారు. అక్కడొక ముసలాయన నా పేరు చూసి, “మీది ఏ ఊరు?” అని అడిగి ఆగిపోయాడు. ఆయన దగ్గర ఉన్న తెలుగు దాదాపు అంతే. మళ్ళీ ఒకసారి వెళ్తే, వాళ్ళ నాయనమ్మ పాడేదట, ఓ జోలపాటలో రెండు ముక్కలు పాడి, “దీనికి అర్థం చెప్పు” అన్నాడు. నేనేం చేశానో తెలుసా? అర్థం చెప్పి, వెంటనే సంచీలోంచి పుస్తకం తీశాను. ఆయన మొహం ముడుచుకుపోయింది. ఆయన పిలిచింది పాట కోసంరా, నా బోధ కోసం కాదు. తెలుగుని ఎరలా వాడకు. అలాంటివాళ్ళు పిలిస్తే వెళ్ళు, విను, సంచీ గుమ్మం దగ్గరే పెట్టు. ఆయనకి కావాలనిపిస్తే ఆయనే అడుగుతాడు.

దీవి నుంచి మనకీ ఒకటి వచ్చిందని మర్చిపోకు. ధర్మరాజుగారు శాస్త్రవేత్తగా సమోవాలో పనిచేస్తూ అక్కడే భార్యతో సహా సంఘంలో చేరారు. 1978లో హైదరాబాద్ వచ్చి చుట్టాలతో మాట్లాడితే 22 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అక్కడినుంచే కదా ఈ దారి మన ఇంటిదాకా వచ్చింది. సరే, అది పక్కన పెట్టి అసలు సంగతికి వస్తాను.

నేను ఫిజీలో దిగిన రెండు నెలలకి, 1996 నవంబరు 6న ఇక్కడ కోనసీమ తుఫాను. మాకప్పుడు వారానికో ఉత్తరం, ఏడాదికి రెండు ఫోన్లు, అంతే. తుఫాను తర్వాత మీ అమ్మమ్మ దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరంలో, “ఇక్కడ మేమంతా క్షేమం. నీవు క్షేమమని తలుస్తాము” అని ఉంది. క్రిస్మస్ ఫోన్‌లో మీ అమ్మ రిసీవర్ లాక్కుని, “అంబాజీపేట తోటలో ఒక్క చెట్టు లేదురా, ఇంటి పెంకులన్నీ లేచిపోయాయి” అనేసింది. వెనక మీ అమ్మమ్మ “వాడికెందుకే చెబుతావు” అని అరవడం వినబడింది. ఆ రాత్రి నాకు కోపం రావాల్సింది, రాలేదు. నేను కూడా ఇకనుంచి మంచే రాయాలని ఒట్టేసుకున్నాను. ఎంత బుద్ధిలేని ఒట్టో చూడు.

జనవరిలో నాకు కొత్త కంపానియన్ వచ్చాడు. టోంగా కుర్రాడు, మనిషి దూలంలా ఉండేవాడు, మిషన్‌కి వచ్చి మూడు వారాలు. ఒక సాయంత్రం చెరుకుతోటల అవతల ఓ కుటుంబం మాకోసం ఎదురుచూస్తోంది. దారిలో చప్టా. మా నెత్తిన చినుకు లేదు గానీ ఎగువన కొండల మీద మబ్బు నల్లగా కమ్ముకుని ఉంది. చప్టా మీద నీళ్ళు పిక్కల్లోతు పారుతున్నాయి, బెల్లం రంగులో. వాడు ఆగిపోయాడు. “మా దీవిలో ఏర్లు లేవు, నాకు తెలియదు” అన్నాడు. నేనేమన్నానంటే, “నేను గోదావరివాణ్ణి, నాకు తెలుసు.”

నాకేం తెలుసురా? గోదావరి చెప్పి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. రేడియో చెబుతుంది, పేపరు చెబుతుంది, మనం సామాను అటకెక్కించి కూర్చుంటాం. కొండవాగు ఎవరికీ ఏమీ చెప్పదు. సగం దూరం వెళ్ళేసరికి నీళ్ళు మోకాలు దాటాయి. తడిసిన సులు కాళ్ళకి చుట్టుకుని, నీటిపోటుకి తెరచాపలా ఉబ్బి లాగేస్తోంది. కిందినుంచి చెరుకుగడలు, కొమ్మలు తగులుతున్నాయి. వెనక చప్పుడైంది. తిరిగి చూస్తే వాడు లేడు. చప్టా అంచున పాతిన ఇనపకడ్డీని పట్టుకుని నీళ్ళలో వేలాడుతున్నాడు, మెడదాకా మునిగి. నా టై విప్పి విసిరాను, అది ఎందుకు పనికొస్తుంది? వాడే ఎలాగో పాకి పైకొచ్చాడు. ఒక చెప్పు పోయింది. మోకాలి కింద కడ్డీ గీసుకుపోయి చర్మం జేబులా తెరుచుకుంది.

చేతిరుమాలు కట్టాను. అప్పుడు నేనన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. “ప్రెసిడెంటుకి చెప్పొద్దు, మనల్ని విడదీస్తారు.” వాడు సరేనన్నాడు. నాకన్నా జూనియర్, ఏమంటాడు? మర్నాటినుంచి ఆ కాలితోనే నడిచాడు. రోజూ అదే బురదలో. సీనియర్ కంపానియన్‌కి మొండితనం ఉంటే అది రెండు జతల కాళ్ళతో నడుస్తుంది. ఏడోరోజుకి పిక్క గుమ్మడికాయలా వాచింది, ఒళ్ళు కాలిపోతోంది. ఆదివారం బ్రాంచిలో, అంటే అక్కడి మన చిన్న సంఘంలో, ఓ పెద్దావిడ వాడి నడక చూసి, సులు అంచు తానే పైకెత్తి చూసి, నావైపు ఒకసారి తిరిగింది. ఒక్క మాట అనలేదు. వాళ్ళాయన చెరుకు లారీలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. తొమ్మిది రోజులు. మొదటి రెండు రోజులూ కాలు ఉంటుందో పోతుందో చెప్పలేమన్నారు.

ప్రెసిడెంటు వచ్చి మంచం పక్కన నిలబడి, “దాటుదామన్నది ఎవరు?” అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపు వాడు, “ఇద్దరం” అన్నాడు. నేను తెరిచిన నోరు మూసేశాను.

అక్కడ నేను చేసింది ఒకటి కాదు, మూడు తప్పులు. దాటడం కుర్రతనం అనుకో. దాచడం, ఆ మంచం పక్కన ఊరుకోవడం మాత్రం కుర్రతనం కాదు. వాడు కాలితో బయటపడి, మిషన్ పూర్తిచేసి ఇంటికెళ్ళాడు. రెండేళ్ళ తర్వాత ఉత్తరం రాసి క్షమించమన్నాను. “అదంతా ఎప్పుడో మర్చిపోయాను, మీ అమ్మగారు బాగున్నారా” అని జవాబు రాశాడు.

ఆ వారం నేను ఇంటికి రాసిన ఉత్తరం మీ అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. నిన్న గట్టు మీంచి వచ్చాక తీసి చదివాను. “ఇక్కడ అంతా క్షేమం. వానలు బాగా పడుతున్నాయి. సీమపనస కాయ నిప్పుల్లో కాల్చి పెట్టారు, బాగుంది.”

అందుకే చెబుతున్నాను. చప్టా మీద చీలమండ తడిసేంత నీళ్ళున్నా ఆగిపో. ఎదురుచూసేవాళ్ళు చూస్తారు, వాళ్ళు ఆ ఊరివాళ్ళే, వాగు సంగతి నీకన్నా వాళ్ళకి బాగా తెలుసు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల కాలం. ప్రెసిడెంటు ఆఫీసు కదలమంటే కదులు, ఉండమంటే ఉండు, నీ ధైర్యం ఎవరికీ అక్కర్లేదు. 2016 ఫిబ్రవరి 20న విన్‌స్టన్ తుఫాను వచ్చినప్పుడు 44 మంది పోయారక్కడ. ఆ రాత్రంతా నేను ఇక్కడ టీవీ ముందే కూర్చున్నాను, ఎందుకో మీ అత్తకి కూడా చెప్పలేదు. కంపానియన్ కుంటుతున్నా, రాత్రుళ్ళు ఏడుస్తున్నా, తినడం మానేసినా ఆ రోజే ఫోన్ చేసి చెప్పు. విడదీస్తే విడదీస్తారు. నీకే బెంగగా ఉంటే అదీ చెప్పు. నాకు నాలుగో నెలలో రోజూ తెల్లారుజామున గోరింకల అరుపు వినగానే మన పెరడు గుర్తొచ్చి కడుపులో తిప్పేది, ఎవరికీ చెప్పుకోలేదు.

2019 నుంచి మిషనరీలు వారంవారం ఇంటికి వీడియో కాల్ చేసుకోనిస్తున్నారు. నీ అదృష్టం. కెమెరా ముందు పళ్ళు ఇకిలించి “సూపర్ అమ్మా” అని పెట్టేయకు. మొహం ఎలాగైనా నవ్వుతుంది. మీ అమ్మకి నీ కాళ్ళు చూపించు.

అక్కా, వాడికన్నా ముందు నువ్వే చదువుతావని తెలుసు. చదివావుగా. కోప్పడితే రేపు ఇంటికొచ్చి కోప్పడు, ఫోన్‌లో వద్దు. వాడికి చెప్పులు మాత్రం రెండు జతలు కొను. వెనక పట్టీ ఉన్నవి, అడుగున గట్టి గాళ్ళున్నవి. డబ్బులు నేనిస్తాను.

మీ మావయ్య