సముద్రం కనిపించే గదా, సముద్రానికి నడిచి వెళ్లే గదా?

ప్రశ్న: మాది హనుమకొండ. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, మావారు మెడికల్ ఏజెన్సీలో పనిచేస్తారు. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 62,000 చేతికొస్తాయి. ఇంటి అద్దె 11,000. బంగారం పెట్టి తెచ్చిన 80,000 అప్పు ఉంది, వడ్డీ 11 శాతం. పిల్లలకు 10, 6 ఏళ్లు. వాళ్లు ఇంతవరకు సముద్రం చూడలేదు. అందుకే విశాఖ వెళ్లాలనుకున్నాం. శుక్రవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కు వెళ్లి, ఆదివారం సాయంత్రం అదే బండికి తిరిగి వచ్చేలా టికెట్లు తీసుకున్నాం. మిగతా ఖర్చులకు చీటీ డబ్బుల్లోంచి 24,000 పక్కన పెట్టాం. బస దగ్గరే తేలడం లేదు. బీచ్ రోడ్డులో సముద్రం కనిపించే గది 7,900, టిఫిన్ ఉచితం. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఏసీ లాడ్జి 2,400. రుషికొండ వైపు రోజు అద్దెకు ఫ్లాట్ 3,800, క్లీనింగ్‌కు ఇంకో 500. పిల్లలు మొదటిసారి చూస్తున్నారు కదా, మంచి హోటల్ తీసుకుని క్రెడిట్ కార్డు మీద నో కాస్ట్ ఈఎంఐ పెడదామని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా, తప్పకుండా వెళ్లి రండి. అప్పు తీరేదాకా ఆగుదామని చాలామంది పిల్లల సరదాలు వాయిదా వేస్తూ పోతారు. మీరు డబ్బు కూడబెట్టుకునే బయలుదేరుతున్నారు, ఇందులో తప్పేమీ లేదు. మీ ప్రశ్న కూడా డబ్బు కంటే ముందు టైముకు సంబంధించినది. మీరు మూడు అద్దెలు రాశారు కానీ మీకు గది ఏ గంట నుంచి ఏ గంట వరకు కావాలో రాయలేదు. లెక్క అక్కడ మొదలుపెట్టాలి.

గోదావరి మిమ్మల్ని శనివారం తెల్లారేసరికి విశాఖలో దించుతుంది. పిల్లలు రాత్రంతా రైల్లో సరిగ్గా నిద్రపోరు. దిగగానే మీకు కావాల్సింది స్నానం, రెండు గంటల నడుం వాల్పు. ఆదివారం సాయంత్రం బండి కాబట్టి మధ్యాహ్నం వరకైనా సామాన్లు పెట్టుకోవడానికి చోటు ఉండాలి. బీచ్ రోడ్డు హోటళ్లలో సాధారణంగా మధ్యాహ్నం 12కో 2కో గది ఇచ్చి మర్నాడు 11కల్లా ఖాళీ చేయమంటారు. 2కి ఇస్తారనుకుంటే 7,900 పెట్టినా మీ చేతిలో గది ఉండేది 21 గంటలు. అందులో రాత్రి నిద్ర తీసేయండి. శనివారం మధ్యాహ్నం, సాయంత్రం మీరు సబ్‌మెరైన్ మ్యూజియంలోనో కైలాసగిరి మీదో ఉంటారు. ఇక ఆ కిటికీలోంచి సముద్రం చూసేది ఆదివారం పొద్దున కాసేపు. ఆ టైములో పిల్లలు కిటికీ దగ్గర నిలబడతారా, ఇసుకలోకి పరిగెడతారా?

ఇప్పుడు పన్ను చూడండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 వరకు ఉన్న గదులపై జీఎస్టీ 5 శాతమే. అది దాటితే 18 శాతం. మీరు రాసిన 7,900 గది గీత దాటింది కాబట్టి పన్నుతో 9,322 అవుతుంది. అదే హోటల్లో వెనకవైపు గది 6,900కి దొరికితే పన్నుతో 7,245. పైకి తేడా వెయ్యి, జేబులోంచి పోయేది 2,077. పైగా ఖరీదైన హోటల్లోని రెస్టారెంట్‌లో భోజనం బిల్లు మీద కూడా 18 శాతం పడే అవకాశం ఉంది. బయట మామూలు హోటల్లో అయితే 5 శాతమే. యాప్‌లో పెద్ద అక్షరాలతో కనిపించే అద్దె చాలాసార్లు పన్ను కలపనిది. చివరి పేజీ దాకా వెళ్లి, అక్కడి అంకెలే పోల్చుకోండి.

పొద్దున్నే గది కావాలంటే ఇలాంటి హోటళ్లు అదనంగా అడుగుతాయి. 3,000 అడిగారనుకుందాం, పన్నుతో 3,540. మొత్తం 12,862. మీరు దాచుకున్న దాంట్లో సగానికి పైగా ఒక్క రాత్రి గదికే పోతుంది. ఉచిత టిఫిన్ వల్ల మిగిలేది నలుగురికి ఒక్క పూట ఇడ్లీ, దోసెల ఖర్చు.

రుషికొండ ఫ్లాట్ చూడటానికి చవకగానే ఉంది. వంటగది కూడా ఉంటుంది. కానీ రెండు రోజుల కోసం వెళ్లి అక్కడా మీరు గిన్నెలు తోముతూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు. అది స్టేషన్‌కు చాలా దూరం. మీరు చూడాలనుకునే సబ్‌మెరైన్, దాని ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం, ఆర్కే బీచ్ అన్నీ ఊళ్లోనే ఉన్నాయి. క్యాబ్‌కు 450 చొప్పున నాలుగుసార్లు తిరిగినా 1,800 అవుతుంది. అద్దె, క్లీనింగ్ కలిపితే 6,100. తాళం చేతికొచ్చేది మధ్యాహ్నానికే అయితే పొద్దున అంతా బ్యాగులతో రోడ్డు మీదే. పెద్ద కుటుంబాలు మూడు నాలుగు రోజులుంటే ఫ్లాట్ కలిసొస్తుంది, మీకు కాదు.

ఇంకో జాగ్రత్త. ఫోన్‌లో మాట్లాడి, సగం డబ్బు యూపీఐలో పంపితే బుక్ చేస్తామనే వాళ్లతో మోసాలు జరుగుతున్నాయి. హోటళ్ల పేరుతో ఇంటర్నెట్‌లో దొంగ నంబర్లు పెడతారు, డబ్బు పంపాక ఫోన్ ఎత్తరు. పొరపాటున ఎక్కడైనా ఇరుక్కుంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఇక లాడ్జి. ఆర్టీసీ కాంప్లెక్స్, రైల్వే స్టేషన్ చుట్టుపక్కల చాలా లాడ్జిల్లో 24 గంటల చెక్ అవుట్ ఉంటుంది. మీరు శనివారం 6:30కి దిగితే ఆదివారం 6:30 వరకు గది మీదే. పన్నుతో 2,520. ఆదివారం మధ్యాహ్నం దాకా ఉంచుకోవడానికి సగం అద్దె అడిగితే ఇంకో 1,260. మొత్తం 3,780. రెండు పొద్దుల టిఫిన్‌కు 600, బీచ్‌కు వెళ్లి రావడానికి ఆటోలకు 1,200 వేసుకున్నా 5,580. మీ మూడింటిలో నేను దీన్నే ఎంచుకుంటాను.

అయితే ఖాయం చేసుకునే ముందు మీరు రాయని నాలుగో దారి ఒకటి వెతికి చూడండి. ఆర్కే బీచ్ వెనక వీధుల్లో, అంటే పాండురంగాపురం, ఈస్ట్ పాయింట్ కాలనీ, చినవాల్తేరు వైపు, మధ్యరకం హోటళ్లు ఉంటాయి. గదిలోంచి అల కనిపించదు, కానీ నడిచి వెళ్లొచ్చు. పొద్దున గది ఇవ్వడానికి తీసుకునే అదనంతో సహా, పన్నుతో 4,500 లోపు దొరికితే నా ఓటు దానికే. విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి వస్తాడు. ఆదివారం చీకటి ఉండగానే పిల్లల్ని లేపి, ఆటో కోసం వెతుక్కోకుండా చెప్పులేసుకుని నడిచి వెళ్లిపోవచ్చు. తీరిగ్గా తిరిగొచ్చి, తడి బట్టలు ఆరేసి, కాసేపు పడుకోవచ్చు. ఒక సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఆర్కే బీచ్‌లో లోపలికి లాగే ప్రవాహాలు బలంగా ఉంటాయి, అక్కడ ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. పిల్లలు పాదాలు తడుపుకునేంత వరకే, అదీ చెయ్యి పట్టుకుని.

ఏ హోటలైనా యాప్‌లో చూసి వదిలేయకుండా రిసెప్షన్‌కు ఒకసారి ఫోన్ చేయండి. "శనివారం పొద్దున 6:30కి వస్తాం, అప్పుడే గది ఇస్తారా? దానికి వేరే తీసుకుంటారా? 24 గంటలంటే మేం దిగిన టైము నుంచా, మీ టైము నుంచా? ఇద్దరు పిల్లలకు అదనపు పరుపు ఎంత? వేడి నీళ్లు ఎన్నింటి వరకు వస్తాయి? పన్నుతో కలిపి మొత్తం ఎంత?" ఇవన్నీ అడగడానికి మొహమాటపడొద్దు. చిన్న లాడ్జిల్లో వేడి నీళ్లు పొద్దున రెండు మూడు గంటలే ఇస్తారు, రైలు దిగి వచ్చేసరికి అయిపోతే పిల్లలతో ఇబ్బంది. ఒప్పుకున్నవి వాట్సాప్‌లో ఒక మెసేజ్‌గా పెట్టించుకోండి. క్యాన్సిల్ చేస్తే డబ్బు వెనక్కిచ్చే గదికి 200, 300 ఎక్కువైనా అదే తీసుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో జ్వరం చెప్పి రాదు.

ఈఎంఐ మాత్రం వద్దు. నో కాస్ట్ అన్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, ఆ ఫీజు మీదా, లోపల లెక్కగట్టే వడ్డీ మీదా 18 శాతం జీఎస్టీ వేస్తారు. మామూలుగా వచ్చే డిస్కౌంట్ కూడా చాలాసార్లు పోతుంది. ఒక నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా వడ్డీ పడుతుంది. మీవారి ఆశ నాకు అర్థమైంది. పిల్లల మొదటి సముద్రం గొప్పగా ఉండాలనుకుంటున్నారు. ఆ కోరిక తీరే దారి వేరే ఉంది. శనివారం రాత్రి బీచ్ రోడ్డులో మంచి రెస్టారెంట్‌లో నలుగురూ కూర్చుని, ధర చూడకుండా ఇష్టమైనవి తినండి. దానికి విడిగా 2,000 పెట్టుకోండి.

మొత్తం ఇలా వస్తుంది: బసకు 4,500, ఆ విందు 2,000, మిగతా తిండి 3,000, ఆటోలు 1,500, టికెట్లు, కైలాసగిరి కలిపి 1,500, బీచ్‌లో మురీ మిక్చర్, కంకులు, బొమ్మలకు 1,000, అనుకోని వాటికి 1,000. అంతా 14,500. అరకు జోలికి పోవద్దు. 115 కిలోమీటర్ల దూరం, దానికే ఒక రోజు చాలదు.

మిగిలే 9,500 వచ్చిన వారంలోనే గోల్డ్ లోన్‌కు కట్టేయండి. 11 శాతం లెక్కన ఏడాదికి వెయ్యికి పైగా వడ్డీ తగ్గుతుంది. కట్టేటప్పుడు అప్పటిదాకా అయిన వడ్డీ ఎంతో అడిగి తెలుసుకుని, మిగతాది అసలులోకి జమ చేయమని చెప్పి, రసీదులో ఆ రెండూ విడివిడిగా ఉన్నాయో లేదో కౌంటర్ దగ్గరే చూసుకోండి.