శ్రావణీ, ఆ బండి మంచులోకి తీసే ముందు

శ్రావణీ,

నువ్వు కారు కొన్నావని, అది పెద్ద సెడాన్ అని, పైగా రియర్ వీల్ డ్రైవ్ అని, అంటే ఇంజిన్ బలం వెనక చక్రాలకే అందేదని, ఈ చలికాలమంతా ఆఫీసుకి అందులోనే తిరుగుతానంటున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. వాడికి గర్వం ఆగట్లేదు. సీట్లు వేడెక్కుతాయట, స్టీరింగ్ కూడా వేడెక్కుతుందట, మ్యూజిక్ సిస్టమ్ అదిరిపోతోందట. టైర్లేమిటిరా అని అడిగితే మాత్రం "ఏవో ఉన్నాయిలే అక్కా, కొత్తవే" అన్నాడు. అప్పట్నుంచీ నాకు నిద్ర పట్టట్లేదు. సంతోషం లేక కాదు. సైకిల్ నేర్చుకున్న వారానికే చేతులు వదిలేసి తొక్కిన పిల్లవి నువ్వు, ఆ సంగతి మర్చిపోలేక.

ఈ విషయం తెలిసిన ప్రతివాళ్ళూ నీకు "అయ్యో, మంచులో అదేం బండి, అమ్మేసి ఆల్ వీల్ డ్రైవ్ తీసుకో" అనే చెప్తారు. నేను చెప్పను. ఏళ్ల తరబడి నేను మంచులో నడిపింది అలాంటి బండే, ఇష్టంగానే నడిపాను. నాలుగు చక్రాలకీ ఇంజిన్ బలం అందితే బండి కదలడానికి, ఎత్తు ఎక్కడానికి చాలా సాయం, కాదనను. కానీ బ్రేకు వేస్తే ఆగడం, మలుపులో తిరగడం ఏ బండికైనా టైరుకి రోడ్డు మీద ఎంత పట్టుందన్నదాని మీదే ఆధారపడతాయి. ఆల్ వీల్ డ్రైవ్ బండి జంకు లేకుండా ముందుకు పోతుంది కాబట్టి రోడ్డు ఎంత జారుతోందో లోపల కూర్చున్నవాళ్ళకి ఆపాల్సి వచ్చినప్పుడు గానీ తెలియదు. నీ బండి కదిలేటప్పుడే చెప్పేస్తుంది. వినే ఓపిక నీకుండాలి.

ఇక టైర్లు. కారుతో వచ్చినవి సమ్మర్ టైర్లే అయ్యుంటాయని నా అనుమానం. ఇలాంటి కార్లకి తరచుగా 19 అంగుళాల చక్రాలు, వెనక వెడల్పుగా ముందు కాస్త సన్నగా వేసి ఇస్తారు, చూడ్డానికి బాగుంటాయి. సమ్మర్ టైరు రబ్బరు చలికి బిగుసుకుపోతుంది. దాదాపు 7 డిగ్రీల సెల్సియస్ కిందకి దిగగానే పట్టు తగ్గడం మొదలవుతుంది, అందుకు మంచు పడక్కర్లేదు. కాబట్టి వింటర్ టైర్లు, నాలుగూ. బండిని నెట్టేవి వెనక చక్రాలే కదా, అవి రెండూ మారిస్తే చాలు అని ఎవరైనా అంటే వినకు. ముందు పట్టు లేకపోతే నువ్వు స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిన్నగానే పోతుంది, పైగా బ్రేకు వేసినప్పుడు ఎక్కువ భారం పడేది ముందు చక్రాల మీదే. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు ఉండాలి. ఒక్క "ఎం ప్లస్ ఎస్" (బురద, మంచు అని అర్థం) అని మాత్రమే ఉంటే చాలదు, ఆ అక్షరాలు వేసుకోవడానికి మంచులో పరీక్ష పాసవ్వక్కర్లేదు. వీలైతే చిన్న చక్రాలు, 17 గానీ 18 గానీ, నాలుగూ ఒకే సైజు, కాస్త సన్నవి. సన్నటి టైరు మెత్తటి మంచుని కోసుకుని కిందకి దిగుతుంది, వెడల్పుది పైన తేలుతుంది. బ్రేకులు పెద్దవైతే చిన్న చక్రం పట్టకపోవచ్చు, ఏ సైజులు సరిపోతాయో మాన్యువల్‌లో చూడు. చాలా దేశాల్లో టైరు గాడి 1.6 మిల్లీమీటర్ల దాకా అరిగినా చట్టం ఊరుకుంటుంది గానీ, మంచులో 4 మిల్లీమీటర్లకి తగ్గిందంటే ఇక ఆ టైరుని నమ్మకు.

మిగతావి నీకు తెలిసినవే, ఒక్కో ముక్కలో చెప్పేస్తా. వాతావరణం 5, 6 డిగ్రీలు చల్లబడితే టైర్లో గాలి సుమారు 1 పీఎస్ఐ పడిపోతుంది, బండి చల్లగా ఉన్నప్పుడు చూసుకో. అద్దాల నీళ్ళు గడ్డకట్టనివి పొయ్యి. కారు పైకప్పు మీద మంచు కూడా దులుపు, లేకపోతే బ్రేకు వేసినప్పుడు అదంతా ముందు అద్దం మీదకి వచ్చి పడుతుంది. ముందున్న రాడార్, కెమెరాల మీద మంచు పేరుకుంటే ఆటోమేటిక్ బ్రేకులూ అవీ పనిచేయవు, వేగాన్ని తనే నిలబెట్టే క్రూజ్ కంట్రోల్ అసలు పెట్టకు. పొడి రోడ్డు మీద ముందు బండికీ నీకూ 2 సెకన్ల దూరం ఉంచుతావేమో, మంచులో 8, 10 సెకన్లు ఉంచు. వెనకవాడు హారన్ కొడితే కొట్టుకోనీ.

డిక్కీలో ఇసుక బస్తాలు పడేయమన్నాడట మీ నాన్న. వాడు చెప్పేది పాతకాలం సంగతి. అప్పటి కార్లకి బరువంతా ముందుండేది, వెనక తేలిగ్గా ఉండేది, అందుకని వేసేవాళ్ళు. ఇప్పుడు ఇలాంటి పెద్ద సెడాన్లలో ముందూ వెనకా బరువు దాదాపు సగం సగం ఉంటుంది. ఇంకా బరువెక్కిస్తే ఆపడం కష్టం, అదీ ఇరుసు దాటి బాగా వెనక్కి వేస్తే మలుపులో తోక ఇంకా బలంగా ఊగుతుంది, కట్టకుండా వదిలేస్తే గుద్దుకున్నప్పుడు ఆ బస్తా నీ వీపు మీదకే వస్తుంది. ఒక చిన్న సంచిలో పొడి ఇసుక పెట్టుకో చాలు, చక్రం ఒకే చోట తిరుగుతుంటే దాని ముందు చల్లడానికి. పార, టార్చి కూడా. మంచులో పట్టు కోసం టైర్లకి చుట్టే గొలుసులు కొంటే అవి వెనక చక్రాలకి వెయ్యాలి, ఇంటి దగ్గర పొడి నేల మీద ఒకసారి వేసి చూసుకో, రాత్రి మంచులో వణుకుతూ మొదటిసారి నేర్చుకోవాలనుకోకు.

కదిలేటప్పుడు స్నో మోడ్ ఉంటే అది పెట్టు, చాలా కార్లలో అది రెండో గేర్‌లో బయల్దేరేలా చేసి ఆక్సిలరేటర్‌ని మొద్దుబారుస్తుంది, మనక్కావలసింది అదే. స్టీరింగ్ తిన్నగా ఉంచి కదులు. ఇరుక్కుపోయినప్పుడు మాత్రం చక్రాలు ఊరికే తిరగకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ కాసేపు తగ్గించాల్సి వస్తుంది, ఎందుకంటే చక్రం కాస్త తిరిగిందో లేదో అది ఇంజిన్ నొక్కేస్తుంది, బండి కదలనే కదలదు. బయటపడగానే మళ్ళీ ఆన్ చెయ్. ఎత్తు ఎక్కాలంటే కిందే కాస్త ఊపు తెచ్చుకో, పైన ఇంకో బండి ఇరుక్కుని ఉంటే అది కదిలేదాకా కిందే ఆగు.

ఎక్కడం గురించి నాకు పెద్ద బెంగ లేదు. ఎక్కలేకపోతే ఆగిపోతావు, అంతే కదా. నాకు భయం దిగడం గురించి.

మీ మామయ్య సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు, ఆయనకి ఇష్టం ఉండదని. ఇప్పుడు చెప్తున్నా, ఆయనతో అనకు. ఆయన అంతకుముందు నడిపినవన్నీ ముందు చక్రాల బళ్ళు. వాటిలో నేర్చుకున్న ఒక సూత్రం ఆయనకి వేదం: మంచులో బ్రేకు ముట్టుకోకూడదు, గేరు తగ్గించి ఇంజిన్‌తో ఆపాలి. సగం నిజమే. మేము ఒక పాత రియర్ వీల్ డ్రైవ్ సెడాన్ కొన్నాం, మాన్యువల్ గేర్లు, ఇప్పటి రక్షణ ఏర్పాట్లేవీ లేవు. కొండ దిగుతున్నాం, రోడ్డు మీద మంచు తొక్కుడుపడి గట్టిపడి ఉంది, ముందు ఎడమ మలుపు. నాకు వేగం ఎక్కువనిపించింది, అన్నాను కూడా, ఆయన "నాకు తెలుసులే" అని మలుపులోకి తిప్పుతూనే నాలుగు నుంచి రెండుకి దించి క్లచ్ టక్కున వదిలేశారు.

ఏమైందో అర్థం చేసుకో, ఇక్కడే నీ బండికీ నువ్వు ఇన్నాళ్ళూ నడిపిన చిన్న కారుకీ తేడా. గేరు తగ్గిస్తే ఇంజిన్ చక్రాలని పట్టి ఆపుతుంది. ముందు చక్రాల బండిలో ఆ పట్టు ముందు చక్రాల మీద పడుతుంది, మరీ ఎక్కువైతే ముందు భాగం జారి బండి తిన్నగా పోతుంది. మన బండిలో మొత్తం వెనక చక్రాల మీదే పడుతుంది. కొండ దిగేటప్పుడు బరువు ముందుకి ఒరిగి వెనక అసలే తేలిగ్గా ఉంటుంది, దానికి తోడు మలుపు. వెనక చక్రాలని ఒక్కసారిగా హ్యాండ్ బ్రేకు లాగి పట్టేసినట్టే. తోక కుడివైపుకి వచ్చేసింది. ఆయన కంగారుపడి బ్రేకు తొక్కారు. దాంతో ముందు చక్రాలు కూడా బిగుసుకుపోయాయి, ఇక స్టీరింగ్ తిప్పినా ఒకటే తిప్పకపోయినా ఒకటే. బండి తిరిగి తిరిగి, మేము దిగొచ్చిన కొండ వైపే మూతి పెట్టి, వెనక భాగం రోడ్డు పక్కన పోగేసిన మంచు గుట్టలోకి దూరిపోయి ఆగింది. ఎదురుగా ఏ లారీ రాలేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నా.

నీది ఆటోమేటిక్ అయితే "నాకు క్లచ్ లేదుగా అత్తా" అంటావు. స్టీరింగ్ వెనక గేర్లు మార్చే ప్యాడిల్స్ ఉంటాయిగా! నువ్వు వాటితో ఆడకుండా ఉండవని నాకు తెలుసు. బండి జారకుండా సర్దే ఈఎస్పీ అనే ఏర్పాటు వచ్చింది 1995లో, మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో మొదటిసారి, ఇప్పుడు దాదాపు అన్నిట్లో ఉంది. తోక జారితే అది తనే ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసి సర్దుతుంది. ఇంజిన్ పట్టు ఎక్కువై చక్రాలు జారుతుంటే తనే కాస్త ఆక్సిలరేటర్ ఇచ్చి విడిపించే ఏర్పాటు కూడా ఇలాంటి చాలా కార్లలో ఉంటుంది. మామయ్యకి ఆరోజు అది ఉండుంటే బహుశా బయటపడేవాళ్ళం. కానీ అది ఉన్న పట్టుని వాడగలదు గానీ లేని పట్టుని పుట్టించలేదు. అందుకని వేగం తగ్గించడం, గేరు తగ్గించడం ఏదైనా మలుపుకి చాలా ముందు, రోడ్డు తిన్నగా ఉన్నచోటే అయిపోవాలి, ఒక్కో గేరు దించుతూ. మలుపు లోపల కాలు అలాగే నిలకడగా ఉంచు. భయమేసి ఆక్సిలరేటర్ మీంచి కాలు టక్కున తీసేయడం కూడా చిన్నసైజు గేరు తగ్గించడమే.

అయినా జారిందనుకో. ఆక్సిలరేటర్ ఎక్కువై జారితే మెల్లగా తగ్గించు. ఇంజిన్ పట్టి జారితే న్యూట్రల్‌లోకి తోసెయ్. చూపు మాత్రం నువ్వు వెళ్ళాలనుకున్న వైపే ఉండాలి, గుట్ట వైపు కాదు, చేతులు చూపు వెంట వెళ్తాయి. తోక కుడికి వస్తే స్టీరింగ్ కుడికే తిప్పాలి, బండి సర్దుకోవడం మొదలవగానే వెంటనే తిన్నగా తెచ్చెయ్యాలి, ఆలస్యమైతే అవతలి వైపుకి ఇంకా గట్టిగా విసురుతుంది. ఇది చదివితే రాదు. మొదటి మంచు పడగానే స్తంభాలు, మనుషులు, బళ్ళు లేని ఖాళీ పార్కింగ్ స్థలం చూసి, వాళ్ళ అనుమతి తీసుకుని, నడక వేగంలో జారనిచ్చి చూడు. బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ వల్ల పెడల్ కాలికింద గుడగుడలాడడం కూడా అక్కడే అలవాటు చేసుకో, అప్పుడు అసలు సమయంలో బెదిరి కాలు తీసెయ్యవు.

బాగా చలిగా ఉన్న రోజు కంటే సున్నా డిగ్రీల దగ్గర ఉన్న రోజు ఎక్కువ జాగ్రత్త. మైనస్ 15లో మంచు పొడిగా ఉండి టైరు ఎంతో కొంత పట్టుకుంటుంది, సున్నా దగ్గర ఐస్ మీద సన్నగా నీటి పొర ఉంటుంది. వంతెనలు కింద నుంచి కూడా చల్లబడతాయి కాబట్టి ముందు గడ్డకట్టేది అక్కడే. రోడ్డు ఉత్త తడిగా కనిపిస్తూ టైర్ల చప్పుడు సడన్‌గా తగ్గిపోతే అది బ్లాక్ ఐస్, అంటే కంటికి కనిపించని సన్నటి ఐస్ పొర, కావచ్చు, ఏమీ చెయ్యకు, తిన్నగా దాటనివ్వు.

ఆ మంచు గుట్ట దగ్గర ఇంకోటి జరిగింది. మామయ్య చేతులు వణుకుతున్నాయి, నాకు పళ్ళు టకటకమంటున్నాయి, హీటర్ పెట్టుకుని ఎవరైనా వచ్చేదాకా లోపలే కూర్చుందామన్నారు. కూర్చున్నాం. కాసేపటికి మంచు ఊడ్చే లారీ వచ్చింది, దాని డ్రైవర్ దూకి పరిగెత్తుకొచ్చి అద్దం బాదుతూ మొట్టమొదట అడిగింది బాగున్నారా అని కాదు, ఇంజిన్ ఆపండి అని అరిచాడు. పొగ గొట్టం పూర్తిగా మంచులో కూరుకుపోయి ఉంది. ఆ పొగ బయటికి పోకపోతే కింద నుంచి లోపలికి వస్తుంది, అందులో కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రొచ్చినట్టుంటుంది అంతే. నీ బండి అసలే నేలకి దగ్గరగా ఉంటుంది, గొట్టాలు బంపర్ కిందే ఉంటాయి. ఎక్కడ ఇరుక్కున్నా ముందు దిగి వెనక మంచు తవ్వు, తర్వాతే ఇంజిన్ వెయ్యి, అదీ గంటకి ఓ పది నిమిషాలు, ఒక కిటికీ కొద్దిగా దించి. ఇంకా మంచు పడుతుంటే వేసే ప్రతిసారీ గొట్టం చూడాలి. దుప్పటి, గ్లోవ్స్ వెనక సీట్లోనే పెట్టుకో, డిక్కీ గుట్టలో ఉంటే తెరుచుకోదు, మాకు తెరుచుకోలేదు. ట్యాంకు సగం కంటే తగ్గనివ్వకు. ఇవన్నీ అతిగా ఉన్నాయని నవ్వుకో, పర్లేదు, పెట్టుకుని నవ్వుకో.

వింటర్ టైర్లు వేయించాక 50 నుంచి 100 కిలోమీటర్లలోపు బోల్టులు మళ్ళీ బిగింపు చూపించు, వేసినవాళ్ళనే అడుగు. ఈలోగా ఇప్పుడున్న టైర్ల ఫోటోలు నాలుగూ విడివిడిగా తీసి పంపు. పక్క గోడ మీద డాట్ అని ఉన్న వరసలో చివర నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందన్నమాట. కొన్ని టైర్లకి ఆ అంకెలు లోపలి వైపు ఉంటాయి, వంగి తియ్యి. మీ నాన్న కొత్తవి అంటే ఏమిటో చూద్దాం. రేపు పొద్దున్న బండి తీసే ముందే పంపు.

మీ అత్త