నత్రజని సిగ్నిఫికెంట్ కాలేదు, ఇంటరాక్షన్ అయింది: థీసిస్‌లో ఏం రాయాలి?

మూడు వరి రకాలు, మూడు నత్రజని మోతాదులతో మీరు టూ-వే అనోవా (రెండు కారణాల ప్రభావాన్ని ఒకేసారి పరీక్షించే గణాంక పద్ధతి) చేశారు. రకం సిగ్నిఫికెంట్ (తేడా యాదృచ్ఛికం అనుకోలేనంత పెద్దది), నత్రజని కాదు, ఇంటరాక్షన్ (నత్రజని ప్రభావం రకాన్ని బట్టి మారడం) మాత్రం అయింది. "దిగుబడిపై నత్రజని ప్రభావం లేదు" అని రాయొచ్చా అని అడిగారు. రాయకండి. ఎమ్మెస్సీలో సరిగ్గా ఆ వాక్యమే రాసి చీవాట్లు తిన్నాను.

మా ప్రయోగంలో పొడుగ్గా పెరిగే రకం ఒకటి, పొట్టి రకం ఒకటి ఉండేవి. యూరియా ఎక్కువ పడ్డ మడుల్లో పొడుగు రకం గింజ పాలు పోసుకునే వేళకి పడిపోయింది. బురదలో దిగి ఆ మడులు దగ్గరుండి కోయించింది నేనే. అయినా పట్టికలో నత్రజని పక్కన సిగ్నిఫికెంట్ అని చెప్పే స్టార్ కనపడకపోయేసరికి ప్రభావం లేదని రాసేశాను. మా గైడు గారు ఆ లైను కింద ఎర్ర ఇంకుతో "మరి చేను దేనికి పడిపోయిందయ్యా?" అని రాసి వెనక్కి పంపారు.

తేలిగ్గా ఉంటుందని అంకెలు ఊహించి చెబుతున్నాను. ఎకరానికి పొడుగు రకం తక్కువ మోతాదులో 26 బస్తాలు, ఎక్కువ మోతాదులో 22. పొట్టి రకం 24, 28. ఇప్పుడు మోతాదుల సగటు తీయండి: అటూ 25, ఇటూ 25. ఒక రకానికి 4 బస్తాలు తగ్గాయి, ఇంకోదానికి 4 పెరిగాయి, సగటులో రెండూ కొట్టుకుపోయాయి. మెయిన్ ఎఫెక్ట్ (పట్టికలో నత్రజని ఒక్కదాని వరస) చెప్పేది ఆ సగటు సంగతే. రైతు సగటు రకం నాటడు కదా!

అందుకని ముందు గ్రాఫ్ గీయండి. అడుగున మోతాదులు, ఒక్కో రకానికి ఒక్కో గీత. గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటే మెయిన్ ఎఫెక్ట్ గురించి పెద్దగా మాట్లాడక్కర్లేదు. కోసుకోకుండా ఒకటి నెమ్మదిగా, ఇంకోటి వేగంగా పైకి పోతుంటే "అన్నిటికీ పెరిగింది, దీనికి ఎక్కువ పెరిగింది" అనొచ్చు. కాకపోతే ఇలాంటి ఇంటరాక్షన్ ఒక్కోసారి కొలమానం వల్ల కూడా వస్తుంది: ఒకటి 20 నుంచి 30కి, ఇంకోటి 40 నుంచి 60కి పెరిగితే, బస్తాల్లో పెరుగుదలలు వేరు, రెట్లలో రెండూ ఒకటిన్నరే. దిగుబడికి లాగ్ (సంవర్గమానం) తీస్తే మాయమవుతుంది.

తర్వాత ఒక్కో రకంలో విడిగా మోతాదులను పోల్చండి. డేటా ముక్కలు చేసి మూడు వన్-వే అనోవాలు చేయకండి, మొత్తం పట్టికలోని ఎర్రర్ మీన్ స్క్వేరే (మడుల మధ్య మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల కొలత) వాడండి. పోలికలు ఎక్కువైతే లేని తేడా ఉన్నట్టు తేలే ప్రమాదం ఉంది కాబట్టి ట్యూకీ పరీక్ష లాంటి సవరణ పెట్టండి. "ఈ రకంలో సిగ్నిఫికెంట్, ఆ రకంలో కాదు, కాబట్టి రెండూ వేరు" అన్నది కూడా తప్పు వాదనే. రెండిటి పెరుగుదలల తేడానే పరీక్షించాలి.

1923లో గణాంకవేత్త ఫిషర్, ఆయనతో కలిసి పనిచేసిన మెకంజీ ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రపు బంగాళాదుంప ప్రయోగం మీద అడిగిందీ ఇదే: రకాలన్నీ ఎరువుకు ఒకేలా స్పందిస్తున్నాయా? వాళ్ళకు తేడా తేలలేదు. మీకు తేలింది. ఫలితాల చాప్టర్‌లో మొదటి పేరా దానికే ఇవ్వండి.

అన్నట్టు, మీది స్ప్లిట్ ప్లాటా (పెద్ద మడుల్లో ఒక కారణం, వాటిని చీల్చిన చిన్న మడుల్లో ఇంకోటి పెట్టే డిజైన్)? అయితే ఎర్రర్లు రెండుంటాయి, ఇంటరాక్షన్‌కి సి.డి.లు (సిగ్నిఫికెంట్ అనడానికి రెండు సగటుల మధ్య ఉండాల్సిన కనీస తేడాలు) కూడా రెండు వస్తాయి. డిజైన్ ఏంటో కామెంట్‌లో పెట్టండి, ఏది ఎక్కడ వాడాలో చెబుతాను.