కర్సెస్ విండోలో లైను మధ్య తెలుగు చొప్పిస్తే అక్షరాలు ఎందుకు తిరగబడుతున్నాయి?

సీ భాషలో, టెర్మినల్ తెరను నడిపే లైబ్రరీ అయిన ఎన్‌కర్సెస్‌తో చిన్న ఎడిటర్ రాస్తున్నానని, లైను మధ్యలో ఇన్స్_డబ్ల్యూస్టర్‌తో 'కమల' అని చొప్పిస్తే 'లమక' అని పడుతోందని అడిగారు. తప్పు టెర్మినల్‌ది కాదు. ఆ ఫంక్షన్ కర్సర్ ఉన్న చోట అక్షరం పెట్టి, అక్కడున్నవాటిని కుడికి నెడుతుంది గానీ కర్సర్‌ను మాత్రం కదపదు. మీట నొక్కినప్పుడల్లా ఒక్కో అక్షరం పంపుతున్నారు కాబట్టి కొత్తది పాతదాని ముందుకొచ్చి కూర్చుంటోంది. చొప్పించాక కర్సర్‌ను మీరే జరపాలి.

ఎంత జరపాలి అన్న దగ్గరే నేను చాలా రోజులు తంటాలు పడ్డాను. పదాల పట్టిక దిద్దుకోవడానికి ఒక టూల్ రాసుకుంటూ, డబ్ల్యూసీఎస్‌లెన్ ఇచ్చే వైడ్ క్యారెక్టర్ల (ఒక్కో యూనికోడ్ గుర్తుకు ఒకటి) సంఖ్యే తెర మీద గడుల (అక్షరాలు పట్టే చిన్న చోట్ల) సంఖ్య అనుకున్నాను. 'తెలుగు' అన్న మాట యూటీఎఫ్-8లో 18 బైట్లు, లైనక్స్‌లో వైడ్ క్యారెక్టర్లుగా 6, చదివేవాళ్లకు 3 అక్షరాలు. గడుల లెక్క వీటన్నిటికీ వేరు, దాన్ని డబ్ల్యూసీఎస్‌విడ్త్‌నే అడగాలి. చైనీస్‌లో ఒక్కో అక్షరం రెండేసి గడులు తీసుకుంటుంది. మన గుణింతాల్లో ఇంకో చిక్కుంది: యూనికోడ్ గుడిని స్థలం తీసుకోని గుర్తుగా, కొమ్మును స్థలం తీసుకునే గుర్తుగా వర్గీకరించింది. అందుకే 'కి', 'కు' రెండింటి వెడల్పూ ఒకటే వస్తుందని నమ్ముకోకండి.

అంతకంటే నన్ను బాధపెట్టింది ఇంకొకటి. చొప్పించేటప్పుడు కుడి అంచు దాటిన అక్షరాలు కింది లైనుకు రావు, పోతాయి. నేను సేవ్ చేసేటప్పుడు తెర మీదున్న పాఠాన్నే చదివి ఫైల్లో రాసేవాణ్ణి. పొడవైన లైన్ల చివర్లు ఎన్ని పోయాయో తర్వాత గానీ తెలియలేదు. దయచేసి అసలు పాఠాన్ని మెమరీలో మీ సొంత బఫర్‌లో ఉంచుకోండి. విండో చూపించడానికే.

గుణింతపు గుర్తును విడిగా చొప్పించినప్పుడు నాకు అది ముందున్న హల్లుకు అతుక్కోకుండా పక్క గడిలో పడింది. చివరికి తెలుగు కోసం చొప్పించే ఫంక్షన్లనే వదిలేశాను. ఇప్పుడు బఫర్‌లో డబ్ల్యూమెమ్‌మూవ్‌తో చోటు చేసి అక్షరం పెడతాను. తర్వాత లైను మొదటి నుంచి డబ్ల్యూయాడ్‌డబ్ల్యూస్టర్‌తో మళ్లీ రాసి, మిగిలిన భాగాన్ని డబ్ల్యూక్లియర్‌టుఈఓఎల్‌తో తుడుస్తాను. రాసే ఫంక్షన్ సున్నా వెడల్పు గుర్తును ముందు గడికే కలుపుతుంది. ఒక గడిలో మూల అక్షరంతో కలిపి 5 కోడ్‌పాయింట్లే (యూనికోడ్ గుర్తులే) పడతాయి, మామూలు మాటలకు అది చాలు. ఒక్క లైను మళ్లీ రాస్తే నెమ్మదవుతుందేమో అన్న టెన్షన్ వద్దు. రిఫ్రెష్ మారిన గడులనే టెర్మినల్‌కు పంపుతుంది.

కర్సెస్‌ను మొదలుపెట్టే ఇనిట్‌స్క్రీన్‌కు ముందే, సిస్టమ్ భాషా అమరికను తెచ్చుకునే సెట్‌లొకేల్‌ను ఖాళీ స్ట్రింగ్‌తో పిలిచారో లేదో, లింక్ చేసింది చివర డబ్ల్యూ ఉన్న ఎన్‌కర్సెస్‌డబ్ల్యూతోనో కాదో కూడా చూసుకోండి. మీటలు చదవడానికి గెట్‌సీహెచ్ బదులు గెట్_డబ్ల్యూసీహెచ్ వాడండి. కీప్యాడ్ ఆన్ చేసి ఉంటే బాణం మీట నొక్కినప్పుడు కీ_కోడ్_యెస్, మామూలు అక్షరమైతే ఓకే తిరిగి ఇస్తుంది కాబట్టి రెండూ కలగాపులగం కావు.