ఎస్‌ఎస్‌హెచ్‌తో క్లస్టర్‌లో పారావ్యూ తెరిస్తే ఎందుకంత నత్తనడక?

ఎస్‌ఎస్‌హెచ్ (దూరపు కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) ఇచ్చే ఎక్స్ ఫార్వర్డింగ్‌తో, అంటే అక్కడి ప్రోగ్రామ్ కిటికీని మీ తెరపై చూపే ఏర్పాటుతో, తెరిచిన పారావ్యూలో (3డీ డేటాను బొమ్మగా చూపే ప్రోగ్రామ్) క్లస్టర్ జీపీయూ, అంటే బొమ్మలు గీసే చిప్, అసలు పనిలోకే దిగదు, అందుకే బొమ్మ అంత నెమ్మదిగా కదులుతుంది.

ఎక్స్ పద్ధతిలో బొమ్మ గీయాల్సింది తెర ఉన్న చోట, అంటే మీ ల్యాప్‌టాప్‌లో. గీత ఆదేశాలు, ఆకారం డేటా అంతా నెట్‌వర్క్ దాటి రావాలి. కొత్త ఎక్స్ సర్వర్లలో (మీ ల్యాప్‌టాప్‌లో ఆ కిటికీలను చూపే సాఫ్ట్‌వేర్) 3డీ గీత ఆదేశాలకు ఈ దారి మామూలుగా మూసే ఉంటుంది. అప్పుడు పారావ్యూ మొరాయిస్తుంది, లేదా క్లస్టర్ సీపీయూతోనే నెట్టుకొస్తుంది.

కోటి త్రిభుజాల ఉపరితలం ఉందనుకుందాం. ఒక్కో మూలకు 12 బైట్లు చొప్పున, మూలల స్థానాలకే 360 మెగాబైట్లు. అదే దృశ్యాన్ని క్లస్టర్‌లోనే గీసి 1920×1080 బొమ్మగా పంపితే కుదించకముందే సుమారు 6 మెగాబైట్లు. జేపెగ్ చేస్తే ఇంకా చాలా తక్కువ. ఇందుకు రెండు సాఫ్ట్‌వేర్లున్నాయి: వర్చువల్‌జీఎల్ అక్కడి జీపీయూతో గీయిస్తుంది, టర్బోవీఎన్‌సీ ఆ బొమ్మను కుదించి పంపుతుంది. ఇంటి నెట్ స్పీడ్ పెంచడం కన్నా ఇదే అసలు మందు.

వీఎన్‌సీ (దూరపు కంప్యూటర్ తెరను ఇక్కడ చూపే పద్ధతి) డెస్క్‌టాప్ వచ్చేసిందంటే జీపీయూ వాడుతున్నట్టే అని చాలామంది అనుకుంటారు. కాదు. సాధారణంగా ప్రోగ్రామ్ పేరుకు ముందు వర్చువల్‌జీఎల్ ఆదేశం 'వీజీఎల్‌రన్' (vglrun) చేర్చాలి, అదీ స్లర్మ్ లాంటి షెడ్యూలర్‌ని (క్లస్టర్‌లో యంత్రాలను పంచిపెట్టే సాఫ్ట్‌వేర్) అడిగి తీసుకున్న జీపీయూ నోడ్‌లో, అంటే జీపీయూ ఉన్న యంత్రంలో. అదే సెషన్‌లో 'వీజీఎల్‌రన్ జీఎల్‌ఎక్స్‌ఇన్ఫో' (vglrun glxinfo) నడిపి, బొమ్మ గీస్తున్నదేదో చెప్పే రెండరర్ వరుస చూడండి. అక్కడ 'ఎల్‌ఎల్‌వీఎంపైప్' (llvmpipe) అని ఉంటే పనంతా ఇంకా సీపీయూదే.